దాటేసిన లైను మీద ఆగిన స్కేలు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం, జూన్ నెల పదిహేనవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు పది నిమిషాల ముందు మన సూపరింటెండెంట్ గారు ఈ వినికిడి సహాయ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. నిమిషాలతో సహా రాయడానికి ఆధారం ఉంది. ఆ రోజు తాళంచెవి ఉన్న పెద్దమనిషి పదీ ఇరవైకి తీరుబడిగా వచ్చాడు. ఆ అరగంటా వారు మూడో అంతస్తు మెట్ల మీద నిలబడ్డారు. మర్నాటి నుంచి తాళంచెవి వారి సంచిలోనే ఉంది. మన గోడ గడియారం తప్పు చూపించినప్పుడల్లా వారు గుమ్మంలో అడుగు పెట్టిన క్షణాన్ని బట్టే దాన్ని సరిచేసుకుంటున్నాం. ఈ ముప్ఫై నాలుగేళ్ళలో ఒకే ఒక్కసారి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆ రోజు గడియారాన్నే ఆరు నిమిషాలు వెనక్కి తిప్పుకున్నాం.

ఈ నెల ముప్ఫయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భంలో వారి ఉద్యోగ ప్రస్థానాన్ని స్మరించుకోవడం సహోద్యోగులుగా మా ధర్మం. అందులో ఒక్క అబద్ధం కూడా దొర్లకుండా చూసుకోవడం మా ఆరోగ్యానికి మంచిది, ఎందుకంటే అచ్చుకు వెళ్ళే ముందు మన ఆఫీసు పత్రిక ఈ సంచికను సరిచూసేది కూడా వారే.

వారిని ఆఫీసంతా స్కేలు మేడమ్ అంటుంది. వెనకాల అనే మాటే గానీ వారికి తెలియనిది కాదు. చేతిలో అడుగు పొడుగు చెక్క స్కేలు లేకుండా వారిని చూసినవాళ్ళు ఈ భవనంలో లేరు. ఏ కాగితమైనా చదివే లైను కింద స్కేలు పెట్టి, ఆ లైను పూర్తయ్యాకే కిందికి జరుపుతారు. పట్టుకుని పట్టుకుని ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు అరిగిపోయాయి. కాబట్టి ఏడు సెంటీమీటర్ల లోపున్న వస్తువు దేన్నీ మన ఆఫీసు ఇంతవరకు కొలవలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది జరిగిన సంగతి ఒకటుంది. దాన్ని వారు ఎన్నడూ దాచుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. అప్పట్లో దరఖాస్తులన్నీ ఒక పెద్ద రిజిస్టరులో ఉండేవి. చెవి పరీక్ష అంకెలు చూసి, దరఖాస్తుదారుకు వినికిడి మిషను ఇవ్వాలా, వద్దా, మళ్ళీ పరీక్ష చేయాలా అనే నిర్ణయాన్ని చివరి గడిలో చేత్తో రాసేవారు. ఒక మధ్యాహ్నం వారు ఒక లైను కిందికి జారి, వేరొకరికి రాయవలసిన "అవసరం లేదు" అనే మాటను ఒక ముసలి దర్జీ పేరు పక్కన రాశారు. ఏడు నెలల తరువాత ఏదో పాత కాగితం వెతుకుతుంటే అది బయటపడింది. పై అధికారి ఉత్తరం పంపిస్తే సరిపోతుందన్నారు. మేడమ్ సెలవు పెట్టి ఆ దర్జీ కొట్టుకు వెళ్ళారు. చెప్పింది ఆయనకు వినపడలేదు. ఏం చేయాలో తోచక, బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని, కత్తిరింపుకు పరచిన నల్ల గుడ్డ మీద "తప్పు నాది" అని రాశారు.

ఆయన గుడ్డ వైపు, వారి వైపు చూసి చాలా మామూలుగా అన్నాడట. "తప్పు కత్తిరింపు నాకూ పడుతుందమ్మా. పడ్డప్పుడు కస్టమరుకు ముందు నేనే చెప్తా. చెప్పకుండా కుట్టేస్తే, వేసుకున్నాక చంకలో చిరుగుతుంది."

ఆ సాయంత్రం వారు బజారులో స్కేలు కొన్నారు. ఆనాటి నుంచి, ఏ గడిలో రాయాలన్నా ముందు ఆ గడిని వేలితో ముట్టుకుని, ఎదురుగా ఉన్న పేరు చూసి, అప్పుడే రాస్తారు. దర్జీకి మిషను వచ్చింది. మొదటిరోజు తన కుట్టుమిషను చప్పుడు విని, ఇంత గోల పెడుతుందా ఇది, ఇన్నాళ్ళూ చుట్టుపక్కలవాళ్ళు నన్నెలా భరించారో అన్నాడట.

రెండు వేల ఒకటిలో సీనియర్ గుమాస్తాగా, రెండు వేల పదమూడులో సూపరింటెండెంటుగా పదోన్నతి పొందినప్పటికీ వారి కుర్చీ మారలేదు, స్కేలు మారలేదు, మన అరవై ఆరు మెట్లూ మారలేదు. ఈ భవనానికి లిఫ్టు లేదు. వారి భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం మందిని పైకీ కిందికీ మోసిన మనిషి సొంత భార్య రోజూ అరవై ఆరు మెట్లెక్కడం చూసి ఊరుకోవడం ఆయన వృత్తి జీవితంలోని ఏకైక పరాజయం. మోకాళ్ళెలా ఉన్నాయని ఎవరడిగినా వారు చెప్పే జవాబు ఒక్కటే: "బాగున్నాయి." రెండో అంతస్తు మలుపులో ఆగి కిటికీలోంచి వీధి చూస్తారు. ఆ వీధిలో చూడవలసిందేమీ లేదని మేమంతా విడివిడిగా వెళ్ళి నిర్ధారించుకున్నాం.

సరిచూత అనే ఆచారాన్ని ఈ ఆఫీసులో నెలకొల్పింది వారే. ఏ కాగితమైనా బయటికి వెళ్ళేముందు ఒకరు బిగ్గరగా చదవాలి, మరొకరు అసలు ప్రతి మీద స్కేలు జరుపుతూ పోల్చుకోవాలి. చదివేవారు ఒక్క మాట మింగినా స్కేలు కదలదు. మన తపాలా గుమాస్తా గారు తన పెళ్ళి శుభలేఖను కూడా సరిచూతకు పెట్టగా, ముహూర్తం తేదీ ఒకరోజు తేడాగా పడిందని తేలింది. తన కాపురం మేడమ్ గారి పుణ్యమేనని ఆయన ఈనాటికీ నవ్వుతూ అంటారు. ఆయన శ్రీమతి నవ్వకుండా అంటారు.

రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు స్కేలు మేడమ్ అందరికన్నా ముందు నేర్చుకున్నారు. స్కేలును మాత్రం వదల్లేదు, తెర మీద పెట్టారు. రెండు తెరలు గీసుకుపోగా, వాటిని సామాన్ల జాబితాలో "సహజ అరుగుదల" కింద చూపించాం.

ఇక ఈ నెల విషయం. దీన్ని కాస్త విపులంగా రాయక తప్పదు, ఎందుకంటే ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసూ ఒక పక్క, ఈ ఆఖరి వారం ఒక పక్క.

ఈ ఏడాది నాలుగు వందల పన్నెండు మంది పిల్లల దరఖాస్తులు వచ్చాయి. ఇరవై ఆరో తేదీ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా అవి ప్రధాన కార్యాలయానికి చేరాలి. నిర్ణయం గడి ఖాళీగా ఉన్న దరఖాస్తును అక్కడి కంప్యూటరు వెనక్కి పంపేస్తుంది, పంపితే ఆ పిల్లకో పిల్లాడికో మిషను వచ్చే ఏడే. పైగా ఈసారి నిర్ణయాన్ని ఎవరికి తోచిన మాటల్లో వారు టైపు చేయకూడదు, ఒకే పదజాలం ఉండాలన్నారు. అందుకోసం మన ప్రోగ్రామర్ అమ్మాయి ఒక స్క్రిప్టు రాసింది. దరఖాస్తు ఫారం తెరిచి కీబోర్డు మీద ఎఫ్ నైన్ నొక్కితే చాలు, స్క్రిప్టు రెండు చెవుల అంకెలూ చూసి తగిన వాక్యాన్ని నిర్ణయం గడిలో తనే పెడుతుంది. ఈ అమ్మాయి ఎంటర్ మీటను కొట్టే కొట్టుడుకు కింది అంతస్తువాళ్ళు రెండుసార్లు పైకి వచ్చి చూశారు గానీ, పనిలో ఘటికురాలు.

సోమవారం ఉదయం తపాలా గుమాస్తా ఎఫ్ నైన్ నొక్కారు. గడి ఖాళీ. మళ్ళీ నొక్కారు. ఖాళీ. పక్క కంప్యూటరు మీద మరొకరు నొక్కారు, అదీ అంతే. తప్పు జరిగిందన్న సందేశమైనా లేదు. బావిలో రాయి వేస్తే చప్పుడు రానట్టుంది. అప్పుడు స్కేలు మేడమ్ తమ కుర్చీలో కూర్చుని నొక్కారు. గడిలో వాక్యం చక్కగా వచ్చి కూర్చుంది.

మిషను తేడా అనుకుని తపాలా గుమాస్తాను వారి కుర్చీలో కూర్చోబెట్టాం. ఖాళీ. మేడమ్ లేచి ఆయన మిషను దగ్గరికి వెళ్ళి నొక్కారు. వాక్యం వచ్చింది. మధ్యాహ్నానికి ఆ స్క్రిప్టు మేడమ్‌కు భయపడుతోందనే సిద్ధాంతం ఆఫీసులో స్థిరపడింది. మంగళవారం ఒకరు వారి కళ్ళజోడు పెట్టుకుని ప్రయత్నించారు. బుధవారం తపాలా గుమాస్తా అనుమతి తీసుకుని వారి స్కేలు పట్టుకుని నొక్కారు. స్క్రిప్టు మోసపోలేదు.

ప్రోగ్రామర్ అమ్మాయి కోడును వందసార్లు చదివింది. అంతా సరిగ్గానే ఉందంది. కళ్ళు ఎర్రబడ్డాయి, ఎంటర్ చప్పుడు కూడా తగ్గింది.

బుధవారం సాయంత్రం డైరెక్టరు గారు మేడమ్‌ను పిలిచారు. ఆయన మంచివారు, సులువైన దారి కనిపిస్తే వదిలే మనిషి కాదు. నాలుగు వందల పన్నెండూ మేడమే నొక్కితే ఒక్కరోజు పని అన్నారు. ఆ మీదట, వారి సర్వీసును ఆరు నెలలు పొడిగించమని పైకి రాయడానికి కాగితం కూడా సిద్ధం చేయించారు. స్క్రిప్టు ఒక్కరి మాటే వింటుంటే ఆ ఒక్కరినీ ఎవరు మాత్రం వదులుకుంటారు.

మేడమ్ ఆ కాగితం మీద స్కేలు పెట్టి, చివరి లైను దాకా చదివి, తిరిగి ఆయన ముందే పెట్టారు.

"సార్, ఇప్పుడు నేను నొక్కేస్తే ఇంక దీన్ని వెతికేవాళ్ళుండరు. పని అయిపోయిందిగా అంటారు. వచ్చే ఏడు పిల్లల కాయితాల దగ్గర మళ్ళీ ఇదే గొడవ, అప్పుడు నేనుండను. నేను వెళ్ళేలోపు ఇది నేను లేకుండా నడవాలి."

"మరి శుక్రవారం, మేడమ్?"

"శుక్రవారం పొద్దున తొమ్మిదింటిదాకా గడువివ్వండి. అప్పటికీ దొరక్కపోతే నేనే కూర్చుని సాయంత్రానికి మొత్తం నొక్కుతా. పిల్లల కాయితాలు ఆగవు. నేను మాత్రం ముప్ఫయ్యో తారీఖున వెళ్తా."

నిజానికి మేడమ్ సోమవారమే ఒక కొత్త రిజిస్టరు తెరిచి, నాలుగు గళ్ళు గీశారు: ఎవరు కూర్చున్నారు, ఏ మిషను, ఏం నొక్కారు, ఏం జరిగింది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ముందు ఎక్కడ లేదో రాసుకోవాలన్నది వారి పద్ధతి. గురువారం ఉదయానికి అందులో తొంభై ఆరు లైన్లున్నాయి. మిషనులో లేదు, వైర్లలో లేదు, దరఖాస్తులో లేదు, వేళలో లేదు. మేడమ్ కూర్చుంటే వస్తుంది, లేకపోతే రాదు. "ఏం నొక్కారు" అన్న గడిలో తొంభై ఆరు సార్లూ ఒకే మాట: ఎఫ్ నైన్.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మేడమ్ స్క్రిప్టును కాగితం మీద అచ్చు తీయించారు. సరిచూత చేద్దామన్నారు. అది ఉత్తరం కాదు మేడమ్, కోడు, మీకర్థం కాదని ప్రోగ్రామర్ అమ్మాయి మెల్లిగా చెప్పబోయింది. అర్థం కానిది నాకు తెలుగులో చెప్పు, మన దగ్గర సరిచూత లేకుండా బయటికి వెళ్ళిన కాయితం ఇదొక్కటేనని మేడమ్ కుర్చీ జరిపారు. వారు మొదటి లైను కింద స్కేలు పెట్టారు. అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. ఈ దరఖాస్తు నంబరు తీసుకో. ఎడమ చెవి అంకె చూడు. కుడి చెవి అంకె చూడు. రెండూ ఇంతకన్నా ఎక్కువైతే ఈ వాక్యం తీసుకో.

స్కేలు కదల్లేదు. ఇంకా రెండో లైను మీదే ఉంది.

"ఇదేంటమ్మాయ్? దీన్ని దాటేశావు."

"అదేం లేదు మేడమ్. మామూలుగా అందరూ పైన రాసేదే."

"అందరూ రాసేదైనా చదువు."

"ఏదైనా తప్పొస్తే... పట్టించుకోకుండా తరువాతి లైనుకు వెళ్ళిపో, అని." తరువాత, అడక్కుండానే చేర్చింది. "మధ్యలో మెసేజీలొచ్చి మీ అందరికీ అడ్డం పడకూడదని పెట్టాను మేడమ్."

మేడమ్ స్కేలును అక్కడే ఉంచి, కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకున్నారు.

"అంటే తప్పొస్తే నోరు మూసుకొమ్మని దానికి నువ్వే చెప్పావు. మనం నాలుగు రోజుల్నుంచి అదెందుకు మాట్లాడట్లేదని దాన్నే తిడుతున్నాం." వారి గొంతులో కోపం లేదు. "చెప్పకుండా కుట్టేస్తే చంకలో చిరుగుతుందమ్మాయ్. తీసెయ్."

అమ్మాయి ఆ లైను తీసేసింది. తపాలా గుమాస్తా తన మిషను మీద ఎఫ్ నైన్ నొక్కారు. నాలుగు రోజుల మౌనం తరువాత స్క్రిప్టు నోరు విప్పింది. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. కర్సర్ ఆ గడిలో లేనప్పుడు గడిలోని అక్షరాలను ముట్టుకోవడం కుదరదని అందులో ఉంది.

ముట్టుకోవడం అనే మాట చూడగానే తపాలా గుమాస్తా నెమ్మదిగా మేడమ్ వైపు తిరిగారు. ఒకసారి కూర్చుని నొక్కి చూపించమని అడిగారు. మేడమ్ కూర్చున్నారు. కాగితం మీద పేరు కింద స్కేలు పెట్టారు. మౌసుతో నిర్ణయం గడి మీద ఒక్కసారి తట్టారు. పేరు వైపు చూశారు. అప్పుడు ఎఫ్ నైన్ నొక్కారు.

మిగతా మేమంతా ఫారం తెరవగానే నొక్కేవాళ్ళం. అప్పుడు కర్సర్ మొదటి గడిలో, పేరు దగ్గర ఉంటుంది. దర్జీ కొట్టు నుంచి తెచ్చుకున్న అలవాటు కొద్దీ, మేడమ్ చేతిలో మాత్రం అది నిర్ణయం గడిలోకి వెళ్ళాక గానీ స్క్రిప్టు మొదలయ్యేది కాదు. ముప్ఫై రెండేళ్ళుగా ప్రతిరోజూ చూస్తున్న పనిని మాలో ఒక్కరూ చూడలేదు.

మేడమ్ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. తొంభై ఆరు లైన్లలో తమ పేరున్నవి ఇరవై రెండు. అన్నిట్లోనూ "ఎఫ్ నైన్" అని మాత్రమే ఉంది, గడిని తట్టిన సంగతి ఎక్కడా లేదు. తొంభై ఏడో లైను గీసి, అందులో ఇలా రాశారు: "నేను చేసేది నేనే రాయలేదు. తప్పు నాది." ఆ రిజిస్టరు ఇప్పుడు మన బీరువాలో ఉంది. కొత్తగా చేరేవాళ్ళకు మొదటిరోజు అదే చూపించాలని డైరెక్టరు గారు ఆదేశించారు. పొడిగింపు కాగితాన్ని ఆయనే చింపేశారు.

ప్రోగ్రామర్ అమ్మాయి రెండు దారులున్నాయంది. గడిని తట్టే పనిని స్క్రిప్టు చేతే చేయించవచ్చు. లేదా, తెర మీది అక్షరాలను మార్చమనడానికి బదులు గడి లోపల దాచుకునే విలువనే మార్చమనవచ్చు, అప్పుడు కర్సర్ ఎక్కడున్నా ఫరవాలేదు, ఒకే ఒక్క మాట మారుతుంది. మొదటిది చేద్దాం మేడమ్, మీ అలవాటు మీ గుర్తుగా ఆఫీసులో ఉండిపోతుంది అన్నారు తపాలా గుమాస్తా. ఆయన గొంతు అప్పటికే సన్మాన సభలో ఉన్నట్టుంది.

"గుర్తుకు ఫోటో తీయించుకోండి," అన్నారు మేడమ్. "అమ్మాయ్, రెండోది చెయ్. తప్పొస్తే మాత్రం గట్టిగా చెప్పాలి, ఈ మూల నుంచి ఆ మూలకు వినపడేట్టు."

శుక్రవారం ఉదయం ఐదుగురం ఐదు మిషన్ల దగ్గర కూర్చున్నాం. మేడమ్ దేన్నీ ముట్టుకోకూడదని తమకు తామే నిబంధన పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారన్న మాటే గానీ, ఎఫ్ నైన్ మోగినప్పుడల్లా వెనకాల వారి చూపుడువేలు చిన్నగా గాలిలో తట్టడం మేమంతా చూశాం. నాలుగు వందల పన్నెండు గళ్ళూ నిండాయి. మధ్యలో మూడుసార్లు స్క్రిప్టు ఆగి, చెవి అంకె లేదని పెద్ద అక్షరాలతో అరిచింది. ఆ మూడు కాగితాలూ వెతికి అంకెలు ఎక్కించాం. పాత లైనే ఉండి ఉంటే ఆ ముగ్గురు పిల్లల గళ్ళూ ఖాళీగానే, నిశ్శబ్దంగా వెళ్ళిపోయేవి. భోజనాల తరువాత ఇద్దరిద్దరుగా సరిచూత జరిగింది. నాలుగూ ఇరవైకి దస్త్రమంతా పంపించేశాం. నాలుగూ నలభైకి అందినట్టు జవాబు వచ్చింది. వెనక్కి వచ్చినవి: సున్నా.

ఆ సున్నాను మేడమ్ స్కేలు పెట్టి చదివారు.

ఆ సాయంత్రం వారిని తీసుకెళ్ళడానికి భర్త గారు వచ్చారు. అరవై ఆరు మెట్లెక్కి, రొప్పుతూ తలుపు పట్టుకుని నిలబడి, ఈ బిల్డింగుకు లిఫ్టు గుంట తవ్వడానికి చోటు నేను ఎప్పుడో చూసి పెట్టానని అందరికీ వినపడేట్టు అన్నారు. మేడమ్ సంచి సర్దుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు గొంతు తగ్గించారు.

"రాత్రి మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటుంది బాబూ. నేను చూస్తే తీసేస్తుంది. పొద్దున్నే అడిగితే బాగున్నాయంటుంది. ఆఫీసులో ఎవరూ తప్పు దాచకూడదట. ఇంట్లో మాత్రం ఈ పద్ధతి."

స్కేలును ఆఫీసుకు జ్ఞాపికగా ఇచ్చి వెళ్ళమని మేమంతా మూకుమ్మడిగా అడిగాం. అది నా సొంతం, మీకు కావాలంటే బజారులో దొరుకుతాయి, ఏడు దాకా అంకెలు కూడా ఉంటాయని జవాబిచ్చారు. ప్రోగ్రామర్ అమ్మాయి మర్నాడే ఒకటి కొనుక్కుంది.

తాము లేకపోయినా పని నడవాలని పట్టుబట్టి, నడిపించి మరీ వెళుతున్న మన సూపరింటెండెంట్ గారికి సకుటుంబంగా సంపూర్ణ ఆరోగ్యం, మనశ్శాంతి, నూరేళ్ళకు పైబడిన ఆయుష్షు కలగాలని, మెట్లు లేని వీధుల్లో వారు తీరుబడిగా నడవాలని ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందీ హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నారు. చివరగా ఒక మనవి. తప్పొస్తే పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపొమ్మనే లైను మా స్క్రిప్టులో ఉంటే తీయించారు. అలాంటిదే ఒకటి ముప్ఫై నాలుగేళ్ళుగా మీ మోకాళ్ళలో కూడా ఉంది మేడమ్. ఈ సంచికను సరిచూసేటప్పుడు ఈ లైను కిందికి మీ స్కేలు వస్తుంది. దయచేసి దాటేయకండి. బిగ్గరగా చదవండి, పక్కనే మీవారు వింటూ ఉంటారు.